మిషన్‌పాళెంలో రెజీనా చెప్పిన సాక్ష్యం

రెజీనా యవ్వనమంతా ఎవరూ చూడని ఒక కణానికి లెక్కలు కట్టడంలో గడిచిపోయింది. అది ఉందో లేదో తెలియదు. ఉంటే దాని బరువు ఇంతకంటే తక్కువ ఉండదనీ, అది పుట్టే అవకాశం ఇంతకు మించదనీ తేల్చడం ఆమె పని. ఆ రంగంలో దీన్ని హద్దు కట్టడం అంటారు. బయటివాళ్లకు పనిలేనివాళ్ల వ్యాపకంలా కనిపిస్తుంది గాని, నిజానికి చాలా మర్యాదగల పని. తెలియదు అని ఒప్పుకోవడం, ఎంతమేరకు తెలియదో కూడా కొలిచి చెప్పడం. లోకంలో చాలామంది పెద్దమనుషులకు ఇందులో మొదటి సగం కూడా చేతకాదు.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే రొయ్యల గుంటల మధ్య మిషన్‌పాళెం ఉంటుంది. ఒకప్పుడు మిషనరీలు కట్టించిన పెంకుటిళ్లు, ఒక చర్చి, ఒక బడి. రెజీనా తండ్రి ఆ బళ్లో పంతులు. తల్లీ తండ్రీ ముందూ వెనకా పోతే, మేనత్త డెబోరా ఆమెనూ, ఆమె అన్న కిషోర్ బాబునూ పెంచింది. డెబోరా పెళ్లి చేసుకోలేదు. బైబిలు స్త్రీగా సంచి భుజాన వేసుకుని ఊరూరూ నడిచి వాక్యం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి మేనకోడలికి ఎక్కాలు చెప్పేది. పేదింటి పిల్లను ప్రభువు పైకి లేపాడన్న కథ మిషన్‌పాళెం చర్చిలో ఏటా ఒక్కసారైనా వినబడుతుంది. ఆ కథలో ఎక్కాలుండవు, ఫిజిక్స్ అసలే ఉండదు.

రెజీనా మద్రాసులో పీహెచ్‌డీ చేసింది. అప్పుడే విదేశంలో పెద్ద యంత్రం నడవడం మొదలైంది. కణాల్ని ఢీకొట్టించి, వచ్చే ముక్కల్లో కొత్తవేమైనా ఉన్నాయా అని వెతికే యంత్రం. ఈమె కణం కనబడలేదు. ఏడాది పోయేకొద్దీ హద్దు ఇంకాస్త పైకి జరిగేది, ఈమె పేపరు ఇంకోటి వచ్చేది. మద్రాసు తర్వాత అలహాబాదు, అలహాబాదు తర్వాత కలకత్తా, అన్నీ రెండు మూడేళ్ల కొలువులే. సెలవుల్లో ఊరికొస్తే డెబోరా అడిగేది.

"దొరికినాదా పాపా నీ కణం?"

"లేదత్తా."

"యాడ ఎతకతా ఉండావో చెప్పు, నేనూ వస్తా. ముంతలో పోయిన సూది నీకంటే ముందు నాకే గదా దొరికేది."

ఒక విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నవ్వుతూ, మరో పదేళ్లకు కూడా కనబడకపోతే ఏం చేస్తావని అడిగాడు. హద్దు ఇంకా బాగా తెలుస్తుందండీ అని ఆమె నిజమే చెప్పింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఉద్యోగం ఇంకొకరికిచ్చారు.

నలభై దగ్గర పడుతుండగా ఆమె భూకంపాల వైపు మళ్లింది. దీన్ని పతనమనేవాళ్లు కణశాస్త్రంలో ఉన్నారు, దేవుడు తోవ మార్చాడనేవాళ్లు మిషన్‌పాళెంలో ఉన్నారు. రెండూ కాదు. జీతం కావాలి, లెక్క ఒకటే. కణాన్ని గురిమీదికి విసిరి, అది చెదిరిన తీరును బట్టి లోపలేముందో ఊహిస్తారు. భూమిలో అల పోతుంది, అది వంగి చెదిరి పైకొచ్చిన తీరును బట్టి అడుగున ఏ మట్టి ఉందో ఊహిస్తారు. హైదరాబాదులో భూకంపాల మీద పనిచేసే ఒక సంస్థ డైరెక్టరు ఆమె ప్రసంగం విని, మా కోస్తా ప్రాజెక్టులోకి రాకూడదా అన్నాడు. వెళ్లింది. ఆమె కొలిచే వస్తువు నిజంగా ఉండటం జీవితంలో అదే మొదటిసారి.

నేల ఎప్పుడూ ఊరికే ఉండదు. సముద్రపు అలలు గట్టును కొడుతుంటే ఆ రొద మట్టిలో నిరంతరం పాకుతుంటుంది, మనుషులకు తెలియదు గాని యంత్రానికి తెలుస్తుంది. ఆ రొదను నెలల తరబడి పట్టి, మెత్తటి మట్టి ఎంత లోతుందో, ఎంత వేగంగా ఊగుతుందో తీయవచ్చు. రెజీనా ఒక యంత్రాన్ని సొంతూరి చర్చి వెనక కొట్టు గదిలో పెట్టింది. తాళం పడే గది ఊళ్లో అదొక్కటే. ఏడాది తిరిగాక తేలిన సంగతేమంటే, మిషన్‌పాళెం కింద ఇసుకా బంకమట్టీ నీళ్లు తాగి మెత్తగా ఉన్నాయి, అవి ఊగే వేగమూ ఒంటంతస్తు ఇల్లు ఊగే వేగమూ ఇంచుమించు ఒకటే. ఉయ్యాల వచ్చే అదను చూసి తోస్తే చిన్న తోపుకే పైకి లేచినట్టు, అక్కడ చిన్న అదురుకే ఇల్లు పెద్దగా ఊగుతుంది. ఈ ముక్క ఓ మోస్తరు పత్రికలో అచ్చయింది. అచ్చుకు ముందు దిద్దినవాళ్లు తప్ప ఇంకెవరూ చదివిన దాఖలా లేదు.

పోయిన ఏడు ఎండలు తగ్గే రోజుల్లో అక్కడ నేల అదరడం మొదలైంది. చిన్నచిన్నవే. గిన్నెలు దొర్లాయి, పెంకులు జారాయి. ఆ పెంకుటిళ్లు మట్టి అడుసుతో పేర్చిన ఇటుక గోడలవి. రొయ్యల గుంటల ఉప్పు తేమ పాకి కింది వరసలు ఏళ్లుగా పొడిపొడిగా రాలుతున్నాయి. వాటిలో చాలావాటికి పగుళ్లు పడ్డాయి. టీవీలో ఎవరో సునామీ అన్నారు. ఆ మాట చాలు ఆ తీరంలో. ఊరు ఊరంతా మంచాలు మోసుకుని చర్చి ఆవరణలోకి వచ్చి పడింది.

రెజీనా యంత్రానికి కొత్త బ్యాటరీలు తీసుకుని హైదరాబాదు నుంచి వచ్చేసరికి డెబోరా ఆరుబయట నులక మంచం మీద, దోమలకు దుప్పటి ముసుగేసుకుని కూర్చుని ఉంది. జ్వరం తగిలింది.

"లోపలికి పోతావా అత్తా?"

"నువ్వు పొమ్మంటే పోతా. వాళ్లూ వీళ్లూ చెప్తే పోను. భూమి సంగతి చదివింది నువ్వు గదా."

కిషోర్ బాబు గుంటల దగ్గర్నుంచి వచ్చాడు. రొయ్యల ఆసామి, రెండు వారాలుగా నిద్ర లేదు. "ఎన్నాళ్లే ఇట్టా? ముసిలామె ఈ దోమల్తోనే పోద్ది, నీ భూకంపం దాకా ఎందుకు? వస్తాదా రాదా, ఒక్క మాట చెప్పు."

"ఒక్క మాటలో చెప్పలేం అన్నా."

"ఒక్క మాట చెప్పడానికి ఇన్నేళ్లు చదివినావా!"

పాస్టరు సుశీల్ కుమార్‌ను ఊరంతా అయ్యగారు అంటారు. ఆయనా అదే అడిగాడు, కాస్త మెత్తగా. "సంఘానికి మీరే చెప్పండమ్మా. రేపు ఆరాధనలో సాక్ష్యాలప్పుడు టైం ఇస్తాను. పిల్లోళ్లకి, ముసిలోళ్లకి బయట జ్వరాలు తగులుకుంటుండాయి."

అక్కడ సాక్ష్యానికి ఒక వరస ఉంది. ఆరాధన మధ్యలో ఎవరైనా లేస్తారు. ప్రభువుకు స్తోత్రం అంటారు. వచ్చిన కష్టం చెబుతారు, దానికి దొరికిన వాగ్దానం చెబుతారు, అది నెరవేరిందని చెబుతారు, జనం ఆమెన్ అంటారు. ఆ వరసలో బహుశా అన్నమాటకు చోటు లేదు. జ్వరం తగ్గిందని చెబుతారు గాని, తగ్గే అవకాశం ఎక్కువని ఎవరూ లేచి చెప్పరు. రెజీనా చిన్నప్పటి నుంచీ ఆ బెంచీల మీదే పెరిగింది. ఈ సంగతి ఆమెకు తెలియాలి.

ఆదివారం ఆమె లేచింది. ఇలాంటి చిన్న అదురులు వచ్చినచోట వాటి వెనక పెద్ద భూకంపం రావడం చాలా అరుదని చెప్పింది. రాబోయే రోజుల్లో ఆ అవకాశం ఇంతకు మించదని, అలవాటైన పద్ధతిలోనే, పైన ఒక హద్దు కట్టి చెప్పింది. సున్నా మాత్రం అనలేనని కూడా చెప్పింది. ప్రతి ముక్కా నిజం. చర్చి అంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది.

ఆమె మనసులో ఇంకో వాక్యం సిద్ధంగా ఉంది. పెద్దది రాకపోయినా ఇప్పటిలాంటి చిన్నదే మీ గోడలకు చాలు, బీటలున్న ఇంట్లో పడుకోవద్దు అని. అది తన సొంత పరిశోధనలోంచి వచ్చిన వాక్యం. కాని అడిగింది పెద్దదాని గురించి. పైగా ఇన్నేళ్లుగా అరడజను మంది కునికే సెమినార్లలో మాట్లాడిన మనిషికి నిండు చర్చి ఆమెన్ అనడం ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. ఒళ్లు వేడెక్కింది. ఆ మాట మీద ఇంకో మాట పెట్టి దాన్ని చల్లార్చబుద్ధి కాలేదు. కూర్చుంది. అయ్యగారు పాట ఎత్తుకున్నారు.

ఆ సాయంత్రానికే మంచాలు లోపలికి పోయాయి. డెబోరా మంచానికి ఒక కొస రెజీనా, ఒక కొస కిషోర్ బాబు పట్టుకున్నారు. కిటికీ పక్క గోడలో బీట ఉంది. వేలు పెడితే దూరింది.

"మేస్త్రీని పిలిపించన్నా."

"రొయ్యల పట్టుబడి అయిపోనీ. ఎవురు ఖాళీగా ఉండారిక్కడ?"

"నువ్వు బో పాపా," అంది డెబోరా, మంచం మీద కాళ్లు చాపుకుంటూ. "ఈ గోడ నీకంటే పెద్దది, నాకంటే చిన్నది. దాన్ని నేను చూసుకుంటా."

రెజీనా హైదరాబాదు వెళ్లిపోయింది.

తర్వాతి అదురు పొద్దు పొడిచే వేళకు వచ్చింది. ఆమె ఆఫీసుకు పెందలాడే పోయే మనిషి. తెర మీద మిషన్‌పాళెం గీత ఒక్కసారి లావెక్కి మళ్లీ సన్నబడటం చూసింది. లెక్క కట్టింది. తీవ్రత మూడుకు కాస్త పైన, అంతే. చిన్నదే. హద్దు చెక్కుచెదరలేదు. ఊపిరి తీసుకుని టీ పెట్టుకుందామని లేచింది. అప్పుడు ఫోను మోగింది.

డెబోరా రోజూ ఆ వేళకు గోడ వైపు తిరిగి మోకరించి ప్రార్థన చేసుకుంటుంది. గోడ ఆమె మీద పడింది. కిషోర్ బాబు ఇటుకలు తీసేసరికి ప్రాణం లేదు.

భూస్థాపన మరుసటి రోజు. రెజీనాను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిడతారని సిద్ధపడి వచ్చిన మనిషికి అంతకంటే శిక్ష లేదు. ఆడవాళ్లు చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు.

"ఏడవబాకమ్మా. నువ్వు చెప్పినట్టే జరిగినాది గదా. పెద్దది రాలేదు గదా."

"రాలేదు, కానీ..."

"నీ నోటంట దేవుడు పలికించినాడు. అత్తమ్మకి పిలుపొచ్చింది, పోయింది. దానికి నువ్వేం చేస్తావు?"

కిషోర్ బాబు కళ్లు తుడుచుకుంటూ వాళ్లనే సమర్థించాడు. "నీ మాట నిలబడింది రెజీనా. అదొక్కటే ధైర్యం మాకు."

సమాధి మీద మట్టి ఆరకముందే అందరూ ఇళ్లలోకి పోయారు. అవే గోడల మధ్యకు. రెజీనా ఇల్లిల్లూ తిరిగింది. నేను చెప్పింది పెద్ద భూకంపం సంగతి, గోడల సంగతి చెప్పలేదు, చిన్నది చాలు ఈ గోడలకు అని గుమ్మంలో నిలబడి చెప్పింది. నేల ఊగే వేగం చెప్పింది. ఉయ్యాల పోలిక చెప్పింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఎంత చెబితే అంత నమ్మకం కుదిరినట్టు తలలూపారు. మేనత్త పోయిన దుఃఖంలో పిల్ల విశ్వాసం సన్నగిల్లిందని లోగొంతుకతో ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. పిల్ల అంటే నలభై దాటిన డాక్టరేటు.

అన్న దగ్గరికి చివర పోయింది. అతనూ, భార్య ప్రేమలీలా కూలిన మేనత్త ఇంటికి ఆనుకున్న వాటాలోనే ఉంటున్నారు. ఉమ్మడి గోడ సగం నిలబడి ఉంది.

"వదినా, నువ్వన్నా చెప్పు అన్నకి. ఈ రాత్రికి బయట పండుకోండి."

"నిన్నగాక మొన్న లోపల పండుకోవచ్చన్నావు గదా రెజీనా," అంది ప్రేమలీల, కోపం లేకుండా.

"అట్టా అనలేదు నేను."

"చర్చిలో లేసి నిలబడి చెప్పినావు," అన్నాడు కిషోర్ బాబు. "ఊరంతా ఆమెన్ అన్నాం. అది ఇప్పుడు కాదంటావా? కాదంటే అబద్ధం ఆడినట్టే గదా. నువ్వు అబద్ధం ఆడే మనిషివా?"

 అన్న ఊరికే అన్న ఆ మాటలో ఆమెకు తోవ కనబడింది. నిజాలన్నీ అయిపోయాయి. ప్రతి నిజమూ వాళ్లను ఇంకాస్త లోపలికే నెడుతోంది. సాక్ష్యం వాళ్ల లెక్కలో రెండే రకాలు, నెరవేరినదీ, అబద్ధమైనదీ. మూడో గడి ఆమె చదువులో ఉంది గాని ఆ ఊళ్లో లేదు.

ఆదివారం సాక్ష్యాల వేళకు ఆమె లేచింది. స్తోత్రం అనలేదు.

"పోయినసారి ఇక్కడ నిలబడి నేను మీతో అబద్ధం చెప్పినాను. ఈ నేల సంగతి నాకు ముందే తెలుసు. గోడలు నిలబడవని తెలుసు. తెలిసే చెప్పలేదు. మీరంతా ఆమెన్ అంటే నాకు బాగుండింది, అందుకని ఆపేసినాను. నా మాట నమ్మి మా అత్త లోపల పండుకుంది. నా మాట నమ్మబాకండి."

చెప్పింది అబద్ధం అన్న ముక్క తప్ప మిగిలినదంతా నిజమే. ఆ ఒక్క ముక్కనే అందరూ పట్టుకున్నారు, ఆమెకు కావలసిందీ అదే. ఆమెన్ ఎవరూ అనలేదు.  కిషోర్ బాబు మగవాళ్ల వైపు నుంచి లేచాడు.

"అత్తను సంపినావే!" అన్నాడు. "నోట్లో బువ్వ పెట్టి సాకినందుకు సంపినావే!"

ప్రేమలీల అతన్ని పట్టుకుని బయటికి తీసుకుపోయింది. పొద్దు వాలకముందే మంచాలన్నీ మళ్లీ చర్చి ఆవరణలోకి వచ్చాయి. ఒకరిద్దరు మోస్తూ మోస్తూ ఆమెకు వినబడేలా తిట్టారు. ఆమె కొట్టు గదిలో యంత్రం పక్కన కూర్చుని ఆ మంచాల కోళ్లు నేలకు తగులుతున్న చప్పుడు వింటూ ఉండిపోయింది.

పెంచలకృష్ణ అని ఒక జిల్లా పత్రికకు వార్తలు రాసే అబ్బాయి ఉన్నాడు. తడ దగ్గర ఫ్యాక్టరీ ప్రమాదం రాయడానికి పోయి, తిరుగు దోవలో సంగతి విని ఆగాడు. భూకంపంపై అబద్ధమాడానన్న శాస్త్రవేత్త అన్న శీర్షికతో మర్నాడు పత్రికలో వచ్చింది, ఫొటోతో. హైదరాబాదు నుంచి డైరెక్టరు ఫోను చేశాడు.

"ఇందులో రాసిన మాట మీరు నిజంగా అన్నారా?"

"అన్నాను సార్."

"మొదటిసారి మీరు చెప్పిన దాంట్లో తప్పేముంది? నన్నడిగినా అదే చెప్పేవాణ్ని."

"తప్పేం లేదు సార్."

"మరింకేం. ఆవేశంలో అన్నాను, నా అంచనా శాస్త్రీయంగా సరైనదేనని ఒక వివరణ పంపండి. నేనే వేయిస్తాను."

"వేయిస్తే ఇక్కడ చదువుతారు సార్. చదివి లోపలికి పోతారు."

 ఆయన చెడ్డవాడు కాదు. "రెజీనా, అబద్ధమాడానని తనే ఒప్పుకున్న మనిషి కొలతల్ని రేపు ఎవరు నమ్ముతారు? పేపర్ల మీద మా అందరి పేర్లూ ఉన్నాయి."

"తెలుసు సార్."

వివరణ పంపలేదు. ప్రాజెక్టు కొనసాగింపులో ఆమె పేరు లేదు. ఎవరో కుర్రవాళ్లు జీపులో వచ్చి కొట్టు గదిలో యంత్రం విప్పి తీసుకుపోయారు. అచ్చుకు వెళ్లిన ఇంకో పేపరును తోటివాళ్లు మర్యాదగా వెనక్కి తీసుకున్నారు. కణాల దగ్గర ఓడిపోవడానికి ఆమెకు పదేళ్లకు పైగా పట్టింది. ఇక్కడ ఒక్క ఆదివారం సరిపోయింది. ఆమె నెల్లూరులో ఒక గది తీసుకుని ఎంసెట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టింది. వారం చివర ఆటో, ఆ తర్వాత బస్సు ఎక్కి మిషన్‌పాళెం వచ్చి, చర్చిలో ఆడవాళ్ల వైపు ఆఖరి బెంచీ మీద కూర్చునేది. పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

సంఘం ఆమెకు బల్ల ఆపింది. అంటే నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం వరసలో వస్తాయి, ఆమె దగ్గరికి రాగానే పళ్లెం పట్టుకున్న సంఘపెద్ద ఆమెను దాటి పక్క వరసకు పోతాడు. డెబోరా చేయి పట్టుకుని పన్నెండేళ్ల వయసులో మొదటిసారి తీసుకున్న రొట్టె అది. విశ్వాసం ఎంత మిగిలిందో ఆమెకే తెలియదు గాని, పళ్లెం దాటిపోయినప్పుడు మాత్రం కళ్లు దాని వెంటే పోయేవి.

ఈశాన్యపు వానలు ఇవాళో రేపో అన్నట్టున్న ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక జనం పోయేదాకా ఆగి, అయ్యగారు ఆమె బెంచీ దగ్గరికి వచ్చాడు.

"కూర్చోండమ్మా. ఒక మాట. మీరు ఆ పొద్దు చెప్పింది అబద్ధం గాదని నాకు తెలుసు."

రెజీనా తలెత్తింది.

"నేనూ బీఎస్సీ ఫిజిక్సేనమ్మా, కావలిలో. థర్డు క్లాసు అనుకోండి." ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "మీరు మొదట చెప్పినప్పుడు ఆ సున్నా గాదన్న మాట గూడా నేను ఇన్నాను. ఇనీ పాట ఎత్తుకున్నాను. జనం బయట జ్వరాలు పడతా ఉంటే, ఇంక చాల్లే అనిపించింది."

"తెలిస్తే బల్ల ఎందుకు ఆపినారు అయ్యగారూ?"

"ఇస్తే క్షమించినట్టు. సంఘం క్షమిస్తే మీరు మళ్లా మంచోళ్లయిపోతారు. మీరు మంచోళ్లయితే మీ మొదటి మాట గూడా మంచిదయిపోద్ది. ఆ పొద్దు సాయంత్రమే మంచాలు లోపలికి పోతాయి. ఇప్పటికే గొణుగుతుండారు, వానలో ఎట్టా అని."

"మంచాల మీద కప్పే పట్టలు?"

"నెల్లూరు నుంచి తెప్పిస్తుండాను. కామాక్షయ్య మేస్త్రీ గోడలు దించతా ఉండాడు. డెబోరమ్మ ఇల్లు, ఆ పక్క వాటా దించేసినాడు. చానా ఉండాయి ఇంకా. కొందరు ముట్టుకోనియ్యడం లేదు."

రెజీనా తలుపు వైపు తిరిగింది. బయట ఎవరో మంచం జరుపుతున్నారు.

"అన్నీ దించేదాకా బల్ల ఆపండి," అంది. "ముందుగా ఇయ్యబాకండి."

"ఎన్నాళ్లు పడతాదో తెలవదమ్మా."

"పట్టనీండి."

"మీరు రాకుండా ఉండిపోవచ్చు గదా. ఇంత దూరం, ఈ బస్సుల్లో."

"రాకపోతే మర్చిపోతారయ్యగారూ. పళ్లెం నన్ను దాటి పోవడం అందరికీ కనబడాల."

ఆయన ఏదో ప్రార్థన చేయబోయినట్టు చేతులు కలిపాడు. ఆమె అప్పటికే లేచింది. బయట ఆవరణ నిండా మంచాలు, వాటి మీద కర్రలు పాతి కట్టిన ప్లాస్టిక్ పట్టలు. వాటి నడుమ దారి చూసుకుంటూ పోతుంటే కిషోర్ బాబు ఎదురయ్యాడు. చూసి, మొహం తిప్పుకుని, వంగి, తన మంచం కోళ్ల కింద వాన నీళ్లు చేరకుండా ఇటుకలు పెట్టడం మొదలుపెట్టాడు.